ఏడాదికి రెండు చాప్టర్లు రాసేదాన్ని, ఈ గుంపులో నాకు చోటుందా?

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. వయసు ముప్పైకి దగ్గర పడింది, బ్యాంకులో ఉద్యోగం, పెళ్లయి నాలుగేళ్లు. లాక్‌డౌన్‌లో ఒక చైనా సీరియల్ చూశారట. అది అయిపోయినా అందులోని మనుషులు మనసులోంచి కదలకపోయేసరికి, వాళ్లతో తనే ఒక కథ మొదలుపెట్టారు. ఇంగ్లిష్‌లో రాసి ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ సైట్‌లో పెడుతున్నారు. ఇలా తమకు నచ్చిన సీరియల్, సినిమా మనుషులతో అభిమానులు రాసుకునే కథలే ఫ్యాన్ ఫిక్షన్. అవి చదివేవాళ్లంతా ఆ సైట్‌ను ఏఓ3 అంటారు. సీరియల్ పేరు కూడా రాశారు గానీ నేనిక్కడ చెప్పను. చిన్న ఫ్యాండమ్ (అభిమానుల గుంపు), పేరు బయటపెడితే ఆవిడెవరో పది నిమిషాల్లో పట్టేస్తారు.

ఆవిడ మాటల్లోనే కొంత: “రాత్రి పనులన్నీ అయ్యి మా ఆయన పడుకున్నాక ఫోన్‌లో రాసుకుంటాను. నాలుగు వాక్యాలు రాస్తే మూడు కొట్టేస్తాను. మొదట్లో రెండు నెలలకో చాప్టర్ పెట్టేదాన్ని. తర్వాత ఆర్నెల్లకొకటి అయింది. ఇప్పటికి తొమ్మిది పెట్టాను. కథ కింద 9/? అని, అంటే మొత్తం ఎన్నో తెలియదని, కనిపిస్తుంది. ఆ ప్రశ్న గుర్తు చూసినప్పుడల్లా టెన్షన్.”

ఆవిడ ఒక డిస్కార్డ్ సర్వర్‌లో, అంటే అభిమానులు కలిసి చాట్ చేసుకునే చోట, ఉన్నారు. అక్కడ శనివారం రాత్రి అందరూ కలిసి ‘స్ప్రింట్’ పెడతారు. ఇరవై నిమిషాలు టైమర్ నడుస్తుంది, ఆగగానే ఎవరెన్ని పదాలు రాశారో చెప్పాలి. ఒకరు ఏడు వందలంటారు, ఒకరు తొమ్మిది వందలంటారు. ఈవిడ ఒకసారి అరవై అని చెబితే ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు. అప్పటి నుంచి శనివారాలు నెట్ రావడం లేదని చెప్పి తప్పుకుంటున్నారు.

అసలు దెబ్బ వేరే ఉంది. సర్వర్‌లో ‘అక్కా’ అని పిలిచే ఒక అమ్మాయితో, ఓ రాత్రి మాటల్లో, తన కథలో రాబోయే మలుపు మొత్తం చెప్పేశారు. చనిపోయాడనుకున్న అన్నగారు బతికే ఉంటాడు, పేరు మార్చుకుని సరిహద్దు ఊళ్లో మందుల కొట్టు నడుపుతుంటాడు. పది నెలల కిందట ఆ అమ్మాయి అదే మలుపుతో తన కథ రాసేసింది. మూడు వారాల్లో పూర్తి. సర్వరంతా పండగ చేసుకుంది. కథ చివర ‘నా బంగారాలందరికీ థాంక్స్’ అని రాసింది తప్ప అక్క మాటే లేదు. ఇక తను అదే మలుపు రాస్తే కాపీ కొట్టిందంటారేమోనని ఈవిడ భయం.

దానికి తోడు కామెంట్లు. ఒకరు ‘వదిలేసినట్టేనా? చెబితే ఎదురుచూడటం మానేస్తాం’ అన్నారు. ఇంకొకరు తొమ్మిది చాప్టర్లూ ఏఐకి ఇచ్చి ముగింపు రాయించుకున్నామని, బాగానే వచ్చిందని సంతోషంగా చెప్పారు. భర్తగారేమో డబ్బూ రాదు, పేరూ రాదు, ఎందుకీ గోల అన్నారు. పోయిన డిసెంబర్‌లో, ఒకరు కోరిన కథను ఇంకొకరు రాసి కానుకగా ఇచ్చే యూల్‌టైడ్ అనే కార్యక్రమంలో పేరు ఇచ్చి, గడువు దగ్గర పడ్డాక చేతులెత్తేశారు. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

చివరికి అడిగినవి ఇవి. కథ తీసేయనా? ఆ అమ్మాయితో మాట్లాడనా, మానేయనా? ఇంత నెమ్మదిగా రాసేదాన్ని రచయిత్రి అనుకోవచ్చా? ఈ అక్టోబర్‌లో యూల్‌టైడ్‌కి మళ్లీ పేరు ఇవ్వనా?

*

ఉత్తరంతో పాటు మీ ఆరో చాప్టర్ కూడా పంపారు కనుక ముందు దాని గురించి చెబుతాను. మీ కథలోని వైద్యుడు ఒక మందు పొట్లం విప్పబోయి ఆగిపోతాడు. దారం ముడి అతని అన్న వేసే ముడి. అది వేసింది ఎవరో పనిపిల్ల, అంటే ఆ పిల్లకి నేర్పినవాడు ఎక్కడో ఉన్నాడు. ఈ మాట మీరు ఎక్కడా రాయలేదు. అతను దారం తెంపకుండా గోటితో మెల్లగా ముడి విప్పడం రాసి ఊరుకున్నారు. ఆ పొట్లం కట్టిన కొట్టులో మూలికలు తూచే ఒంటి పళ్లెం చేతి త్రాసు ఎలా పట్టుకుంటారో తెలుసుకోవడానికి రెండు వారాలు పట్టిందని ఉత్తరంలో సంజాయిషీ ఇచ్చుకున్నారు. నాకు సంజాయిషీ అక్కర్లేదు. ఆ రెండు వారాలు పేజీలో కనిపిస్తున్నాయి. త్రాసు కర్ర మీద గుండు తాడును వేలితో జరిపే చోట ఆ పనిపిల్ల తొందర తెలిసింది. ఇరవై నిమిషాల టైమర్‌లో ఆ వేలు దొరకదు.

ఇప్పుడు తారీకులు చూద్దాం. మీరు రాసిన ప్రకారం మొదటి చాప్టర్లకు రెండేసి నెలలు, తర్వాత వాటికి ఆరేసి నెలలు పట్టాయి. సరే, అది నెమ్మది. కానీ గత పది నెలల్లో మీరు నెమ్మదిగా రాయలేదు, అసలు రాయలేదు. ఈ రెండూ ఒకటే రోగం అనుకుని ఒకే మందు అడుగుతున్నారు. త్రాసు కోసం వెతకడం మీ పనితీరు. దాన్ని బాగు చేయాల్సిన పని లేదు, కావాలంటే మీ జీవితానికి తగ్గట్టు కొంచెం సర్దుకోవచ్చు. ఫైలు తెరిచి మొదటి పేరా చదివి మూసేయడం మాత్రం భయం, కోపం. అది ఆ అమ్మాయి కథ వచ్చిన వారం నుంచి మొదలైంది. మీకు వేగం పెంచే చిట్కాలు చెబితే రెండో దానికి పిసరంత కూడా పనికిరావు. అందుకే చెప్పడం లేదు.

వేగం సంగతి కూడా కొంచెం తెలిసి ఉంటే మంచిది. ఈ ‘వారం వారం అప్‌డేట్’ అనేది అభిమానుల కథలతో పాటు పుట్టింది కాదు. 1967లో అమెరికాలో స్టార్ ట్రెక్ సీరియల్ అభిమానులు ‘స్పాకనాలియా’ అని ఒక పత్రిక తెచ్చారు. అచ్చు స్తోమత లేక సైక్లోస్టైల్ చేసి పోస్టులో పంపుకున్నారు. తర్వాతి సంచిక ఎప్పుడంటే తయారైనప్పుడే. 1998లో ఫ్యాన్‌ఫిక్షన్ డాట్ నెట్ వచ్చాక రాసిన చాప్టర్‌ను రాసినట్టే, తడి ఆరకుండా పెట్టేయడం సులువైంది. 1999లో మొదలైన ‘నానోరైమో’ అనే నవల రాసే సవాలు నవంబర్ ఒక్క నెలలో 50,000 పదాలు రాయమంది, అంటే రోజుకు దాదాపు 1,667. దాన్ని నడిపిన సంస్థ 2025లో మూతపడింది. పదాలు లెక్కపెట్టుకునే అలవాటు మాత్రం మీ శనివారం సర్వర్ దాకా వచ్చి కూర్చుంది. మన వారపత్రికల సీరియల్ రచయితలు కూడా వారం తిరిగేసరికి రాసి ఇచ్చేవాళ్లు కదా అంటారేమో. ఇచ్చేవాళ్లు, నిజమే. వాళ్ల వెనక ఎడిటర్ ఉండేవాడు, నెల తిరిగితే పారితోషికం ఉండేది. మీ వెనక మర్నాడు పొద్దున్న తొమ్మిదిన్నరకు తెరవాల్సిన కౌంటర్ ఉంది.

నాకు ఈ స్ప్రింట్లంటే పెద్దగా గిట్టదు, అది నా అభిరుచి అనుకోండి. చాలామందికి అవి నిజంగానే పనికొస్తాయి. ముఖ్యంగా మొదటి ప్రతి గబగబా రాసేసి తర్వాత దిద్దుకునేవాళ్లకి. మీరు రాస్తూనే దిద్దుకుంటారు. నాలుగులో మూడు కొట్టేసి అరవై పదాలు మిగిల్చారంటే, ఆ ఇరవై నిమిషాల్లో మీరు రాసినవి రెండు వందల పైచిలుకు. మీ లెక్క మిగిలినదానికి, వాళ్ల లెక్క రాసినదానికి. రెండూ పక్కపక్కన పెట్టి మార్కులు వేసుకుంటున్నారు.

ఇక నా అసలు మాట. మీ ఉత్తరంలో కథ గురించి రాసినదానికంటే సర్వర్ గురించి రాసింది ఎక్కువ. పెళ్లయి విశాఖ వచ్చాక మీకు దొరికిన మొదటి స్నేహితులు వాళ్లేనని ఒక చోట, దాదాపు బ్రాకెట్‌లో పెట్టినట్టు రాశారు. నాకు ఉత్తరమంతా ఆ వాక్యం చుట్టూనే తిరుగుతున్నట్టు అనిపించింది. అక్కడ మీరు కథను హాజరు పట్టీలాగా వాడుతున్నారు. చాప్టర్ పెడితే ఉన్నట్టు, పెట్టకపోతే లేనట్టు. కానీ ఆ గుంపులో ఉండటానికి కథే టికెట్ అని ఎవరైనా చెప్పారా? మీకు మీరే పెట్టుకున్నారా? ఫ్యాండమ్‌లో ఎక్కువమంది ఒక్క ముక్క కూడా రాయరు. చదువుతారు, బొమ్మలేస్తారు, సిఫార్సుల జాబితాలు చేస్తారు, ఇంకొకరి చాప్టర్‌కు బీటా చేస్తారు, అంటే పోస్ట్ చేసేముందు చదివి దిద్దిపెడతారు. తప్పులు దిద్దే మీ చెయ్యి ఎలాంటిదో ఆరో చాప్టర్ చూస్తేనే తెలుస్తోంది. వాళ్లు మీకోసం కొట్టుకుంటారు. శనివారం నెట్ లేదని అబద్ధం చెప్పేకంటే, ‘నేను పదాలు చెప్పను, కూర్చుంటాను’ అని చెప్పి కూర్చోవచ్చు. ఒకరిద్దరు వింతగా చూడొచ్చు. ఇంకో ఇద్దరు ‘మేమూ అంతే’ అనొచ్చు. ఇంతకాలం ఏడు వందలు, తొమ్మిది వందలు అని చెప్పేవాళ్ల గొంతులే విన్నారు. చెప్పకుండా ఊరుకున్నవాళ్లు ఎందరో మీకు తెలియదు.

కుడోస్ (కథ నచ్చితే నొక్కే గుండె గుర్తు) తగ్గిపోయాయని కూడా బాధపడ్డారు. తొమ్మిదో చాప్టర్‌కు నాలుగే వచ్చాయన్నారు. ఏఓ3లో కుడోస్ చాప్టర్‌కు కాదు, మొత్తం కథకు. ఒక్కొక్కరు ఒక్కసారే నొక్కగలరు. మొదటి చాప్టర్‌కే గుండె గుర్తు నొక్కినవాళ్లు తొమ్మిదోది చదివి కళ్లనీళ్లు పెట్టుకుని మళ్లీ నొక్కబోయినా, మీరు ముందే ఇచ్చారు అని చెప్పి తిప్పి పంపుతుంది. అంటే ఆ నాలుగూ కొత్తగా వచ్చినవాళ్లవి. పాతవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలియాలంటే మీ గణాంకాల పేజీలో ఆ కథకు సబ్‌స్క్రైబ్ చేసినవాళ్ల సంఖ్య చూడండి. కొత్త చాప్టర్ రాగానే మెయిల్ రావాలని కోరుకున్నవాళ్లు వాళ్లు. అది చూసి కూడా దిగులు వేస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

ఇప్పుడు కామెంట్లు. ‘వదిలేసినట్టేనా’ అన్నవాళ్లు మొరటుగా అడిగారు గానీ, అడిగిన విషయం అన్యాయమైంది కాదు. చదువరికి తెలుసుకోవాలని ఉంటుంది. వాళ్లకు మీరు బాకీ లేరు, డబ్బు పుచ్చుకుని రాయడం లేదు. అయినా ఒక్క ముక్క చెబితే మీకే హాయి. చివరి చాప్టర్ నోట్స్‌లో ‘వదల్లేదు. నెమ్మదిగా రాస్తాను. తారీకు చెప్పను’ అని పెట్టండి. ఆ ‘తారీకు చెప్పను’ ముఖ్యం. ‘వచ్చే నెల తప్పకుండా’ అని రాశారో, ఆ నెలంతా మీకు నిద్ర ఉండదు. ఈ నోట్ పెట్టాక కూడా అడిగేవాళ్లు అడుగుతారు. వాళ్లకు ప్రతిసారీ జవాబివ్వాలని లేదు. మీ కథ కింద కామెంట్‌ను మీరు తీసేయొచ్చు, ముందు మీరు చూశాకే కనిపించేట్టు పెట్టుకోవచ్చు, మరీ ఎక్కువైతే మనిషినే బ్లాక్ చేయొచ్చు. ఆ మీటలన్నీ ఇలాంటి రోజుల కోసమే.

ఏఐతో ముగింపు రాయించుకున్న మనిషి సంగతి నాకూ చిరాకు తెప్పించింది. అందులో చెడ్డ బుద్ధి ఉందనుకోను, ఉంటే వచ్చి చెప్పరు. అయినా మీ నాలుగేళ్ల రాత్రుల్ని అడక్కుండా తీసుకెళ్లి ఒక యంత్రంలో పోసి, వచ్చినదాన్ని మీకే చూపించి మెచ్చుకోమన్నట్టుంది. ఒకరు ఆపిన కథను ఇంకొకరు పూర్తి చేయడం మనకేమీ కొత్త కాదు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోతే తిక్కన దాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. మిగిలిన ముక్కను ఎర్రన ఎప్పుడో 14వ శతాబ్దంలో పూర్తి చేశాడు. చేసినవాడు అది తన ఘనతగా చెప్పుకోలేదు. నన్నయ ఎవరికోసం రాశాడో ఆ రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. అయినా నన్నయ అప్పటికి లేడు. మీరు ఉన్నారు, ఫైలు మీ ఫోన్‌లో ఉంది. ‘నా కథలు దయచేసి ఏఐకి ఇవ్వొద్దు’ అని మర్యాదగా ఒక లైను రాయొచ్చు, లేదా మాట్లాడకుండా కామెంట్ తీసేయొచ్చు. రాస్తే వాదన మొదలయ్యే అవకాశం ఉంది, తీసేస్తే ఆ మనిషికి తప్పు తెలియదు. కథను అకౌంట్ ఉన్నవాళ్లకే కనిపించేలా తాళం వేసుకోవడమూ కుదురుతుంది. దానివల్ల బయటి యంత్రాలు గుత్తగా దోచుకోవడం కొంత కష్టమవుతుంది గానీ, అకౌంట్ ఉన్న మనిషి కాపీ చేసుకుంటే ఏ తాళమూ ఆపదు. అకౌంట్ లేకుండా చదివే మీ పాత పాఠకులు మాత్రం బయటే ఉండిపోతారు.

కథను ఏం చేయాలి? తీసేయడం గురించి ముందు చెబుతాను, మీ చెయ్యి దానివైపే లాగుతోంది కాబట్టి. తీసేస్తే కథతో పాటు నాలుగేళ్ల కామెంట్లూ పోతాయి, తిరిగి రావు. ముందే డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ల దగ్గర కథ ఉంటూనే ఉంటుంది. అంటే మీకు మాత్రమే లేకుండా పోతుంది. పేరు తెంచేసుకోవాలనే అనిపిస్తే ఏఓ3లో ‘ఆర్ఫన్’ చేసే ఏర్పాటుంది. కథ, కామెంట్లు ఉంటాయి, మీ పేరు పోతుంది. అది కూడా వెనక్కి తీసుకోలేరు, ఆ తర్వాత ఒక్క అక్షరం దిద్దలేరు. వీటికంటే మెత్తనిది అనామక కలెక్షన్‌లో చేర్చడం. పేరు కనపడదు, అధికారం మీ దగ్గరే ఉంటుంది, ఎప్పుడైనా బయటికి రావచ్చు. ఈ నెలలో ఏదో ఒకటి చేయకపోతే ఊపిరాడదు అనిపిస్తే అది చేయండి. మొదటి రెండూ మాత్రం కోపంలో ఉన్న రాత్రి వద్దు.

పోస్ట్ చేయడం ఆపి, పన్నెండు చాప్టర్లనుకున్న మీ లెక్కలో మిగిలిన మూడూ పూర్తిగా రాసుకుని, అప్పుడు వారానికొకటి పెట్టడం ఇంకో దారి. నెమ్మదిగా రాసేవాళ్లలో చాలామంది చివరికి ఇక్కడికే చేరతారు. దీని లాభం పెట్టేటప్పుడు తెలుస్తుంది. కొత్త చాప్టర్ పడ్డ ప్రతిసారీ కథ జాబితాలో పైకొస్తుంది, చివరిది పడ్డాక పూర్తయిన కథల్లోకి చేరుతుంది. పూర్తికాని కథ ముట్టుకోని పాఠకులు బోలెడుమంది, ‘పూర్తయినవే చూపించు’ అని వడపోసుకునే వెతుకుతారు. నష్టం ఏమిటంటే, ఏడాదో ఏడాదిన్నరో మీకు ఒక్క కామెంట్ రాదు. మీరు కామెంట్ వచ్చిన రాత్రి బాగా రాస్తానని రాశారు. అలాంటి మనిషికి ఈ మౌనం ప్రమాదం. అందుకని ఈ దారి పట్టేట్టయితే ఒక్క మనిషిని, మొత్తం సర్వర్‌ను కాదు, ఒక్కరిని పట్టుకుని రాసినంతా రాసినట్టు చూపించండి. ఇంకోటి, డ్రాఫ్టులను సైట్‌లో దాచుకోకండి. కొత్త కథను డ్రాఫ్టుగా పెట్టి మర్చిపోతే ఓ నెల తర్వాత అదే చెరిపేస్తుంది. మీ వేగానికి నెల ఏ మూలకి?

నా మొగ్గు మాత్రం మూడో దారివైపు. తొమ్మిదో చాప్టర్ చివర వైద్యుడు ఆ సరిహద్దు ఊరికి వచ్చి, మూసి ఉన్న కొట్టు ముందు నిలబడ్డాడని రాశారు. మిగతా మూడు చాప్టర్లలో ఏం జరగాలో కూడా రాశారు. అన్నదమ్ములు కలవడం, అన్న ఎందుకు దాక్కున్నాడో చెప్పడం, ఇద్దరూ రాజధానికి వెళ్లడం. నేను చదివినంతలో మీ కథ రాజధాని గురించి కాదు, ముడి గుర్తుపట్టడం గురించి. తలుపు తెరుచుకునే ఒక్క చాప్టర్ రాస్తే ఈ కథ అయిపోవచ్చేమో ఆలోచించండి. అప్పుడు అది 10/10. రాజధాని ప్రయాణం రాయాలనిపించినప్పుడు దాన్ని వేరే కథగా రాసి, రెండింటినీ ఒక సిరీస్‌గా కలపొచ్చు. రాయాలనిపించకపోతే ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. ఇందులో ఇబ్బంది లేకపోలేదు. అన్న ఎందుకు దాక్కున్నాడో చెప్పకుండా ముగిస్తే కొందరు తిట్టుకుంటారు. మీకూ మీరనుకున్న కథ కాదే అని కొన్నాళ్లు వెలితిగా ఉండొచ్చు. పన్నెండు అనేది కథ అడిగిన లెక్కా, 2021లో మీరు వేసుకున్న లెక్కా అన్నది మీరే తేల్చుకోవాలి.

ఆ అమ్మాయి విషయం. మీరు ఉత్తరంలో ‘దొంగతనం’ అనే మాట రెండుసార్లు రాసి రెండుసార్లూ కొట్టేశారు. ఆ తటపటాయింపు సరైనదే. చనిపోయాడనుకున్నవాడు మారుపేరుతో బతికి ఉండటం ఎవరి సొంతమూ కాదు, మీ సీరియల్ ఫ్యాండమ్‌లోనే వెతికితే ఇంకో రెండు దొరకవచ్చు. ఒకే మలుపుతో వందల కథలు పక్కపక్కన బతకడం ఈ లోకంలో మామూలు. ఇంకొకరి సీరియల్ మనుషుల్ని తెచ్చుకుని రాస్తున్న మనం ఈ విషయంలో మరీ గట్టిగా మాట్లాడలేం కూడా. అయితే మందుల కొట్టు, సరిహద్దు ఊరు, మారుపేరు, మూడూ కలిపి వచ్చాయంటే అది మీ దగ్గర విన్నదే. విన్న చోటు చెప్పకపోవడం తప్పు. చిన్న తప్పు, కానీ మిమ్మల్ని పది నెలలు కూర్చోబెట్టింది.

మాట్లాడకుండా ఉండిపోవచ్చు. దాని ఫలితం ఇప్పటికే చూస్తున్నారు. సర్వర్‌లో అందరి ముందూ పెట్టొచ్చు. అప్పుడు జనం రెండు పక్షాలవుతారు, పాత చాట్‌ల స్క్రీన్‌షాట్లు బయటికొస్తాయి. గెలిచినా మీకు మిగిలేది స్నేహితులు సగానికి తగ్గిన సర్వర్. విడిగా మాట్లాడటం మూడోది. నేనైతే ఇదే చేస్తాను. అడిగేది చిన్నదిగా, చేయగలిగేదిగా ఉండాలి. ఏఓ3లో ఒక కథ ఇంకో కథ ప్రేరణతో వచ్చిందని లింకు పెట్టుకునే చోటుంది. ఆ ఒక్కటి అడగండి. ఇలా రాయొచ్చు: ‘నీ కథ వచ్చిందని చూశాను, అందరికీ నచ్చింది. ఆ రోజు రాత్రి మనం మాట్లాడుకున్నదాంట్లోంచి వచ్చింది కదా. నాది ఇంకా నడుస్తోంది, అదే మలుపు వస్తుంది. తర్వాత ఎవరూ అపార్థం చేసుకోకుండా నీ కథకి నా కథ లింకు పెడతావా?’ అంతే. బాధ పడ్డానని రాయాలనిపిస్తే అది కూడా ఒక్క వాక్యంలో రాయండి, పేజీ వద్దు.

ఆ అమ్మాయి ‘అయ్యో అక్కా, తట్టనే లేదు’ అని వెంటనే పెట్టేయవచ్చు. ఆ వయసులో, ఆ వేగంలో రాసేవాళ్లకు ఏది ఎక్కడ విన్నారో నిజంగానే గుర్తుండదు. లేదా ‘నేను నా అంతట నేనే అనుకున్నా’ అని బిగుసుకోవచ్చు. అప్పుడు లింకు రాదు, కానీ ఇకమీదట ఏ కథ ఆ పిల్లకు చెప్పాలో చెప్పకూడదో మీకు తెలుస్తుంది. ఏదైనా సరే, మీ భయానికి విరుగుడు మీ కథలోనే ఉంది. ముడి గుర్తుపట్టే ఆరో చాప్టర్ ఆ అమ్మాయి కథకంటే ముందే తారీకుతో సహా పోస్ట్ అయి ఉంది. అన్న బతికి ఉన్నాడని అక్కడే తెలిసిపోతోంది. కాపీ అనేవాళ్లకు ఆ తారీకు చూపిస్తే చాలు. ఆ పిల్ల కథ కూడా మీరు ఇంతవరకు చదవలేదని రాశారు. మీ పదో చాప్టర్ అయ్యేదాకా చదవకండి.

రచయిత్రినేనా అని అడిగారు. దీనికి నా సర్టిఫికెట్ ఎందుకు? ఆరో చాప్టర్ మళ్లీ చదువుకోండి. మీ ఆయన మాటకు వస్తే, డబ్బు రాదన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఏఓ3లో కథలతో వ్యాపారం చేయనివ్వరు. 2007లో పెట్టిన ఒక లాభాపేక్ష లేని సంస్థ, వాలంటీర్లతో, విరాళాలతో నడిపే సైట్ అది. పేరు రాదన్నది మాత్రం పూర్తి నిజం కాదు. 2019లో ఆ సైట్ మొత్తానికి, సైన్స్ ఫిక్షన్ రంగంలో ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. (అందులో రాసేవాళ్లందరూ మాకే వచ్చిందని సరదాగా చెప్పుకుంటే, కాదు సైట్‌కి వచ్చిందని పెద్ద గొడవ నడిచింది. మీరు కూడా మీ ఆయన దగ్గర సరదాగా చెప్పుకోండి, నేను ఎవరికీ చెప్పను.) ఆయన అడిగింది ఎకసెక్కమా, లేక రాత్రుళ్లు మీరు ఏడవడం చూసి అడిగారా అన్నది ఉత్తరంలో స్పష్టంగా లేదు. రెండోదైతే ఆయనకు డబ్బు లెక్క చెప్పి లాభం లేదు, ఏం జరిగిందో చెప్పాలి.

యూల్‌టైడ్. 2003 నుంచి ఏటా జరుగుతోంది, అదీ మీ సీరియల్ లాంటి చిన్న ఫ్యాండమ్‌ల కోసమే. ఇన్నేళ్లలో మధ్యలో చేతులెత్తేసినవాళ్లు మీరొక్కరే అనుకుంటున్నారా? అలా ఖాళీ అయిన కానుకను అప్పటికప్పుడు అందుకుని రాయడానికి ‘పించ్ హిట్టర్లు’ అని వేరే జనమే ఉంటారు. పోయినసారి మీ బదులు ఎవరో రాశారని మీరే చెప్పారు. అంటే కానుక అందాల్సిన మనిషికి అందింది. చెప్పకుండా మాయమైపోయి ఉంటే తప్పు, మీరు చెప్పి తప్పుకున్నారు.

ఈసారి పేరు ఇవ్వకండి అనే అంటాను, ఇది ఒక్కటీ సూటిగానే చెబుతున్నాను. పేరు ఇస్తే డిసెంబర్ నడిమికల్లా కనీసం వెయ్యి పదాల కథ ఒకటి తప్పనిసరిగా ఇవ్వాలి. పదో చాప్టర్, ఆ అమ్మాయితో మాట, ఈ గడువు, మూడూ ఒకేసారి నెత్తిన పెట్టుకోవద్దు. కానీ అందులో ‘ట్రీట్’ అని ఒకటుంది. పేరు ఇవ్వకపోయినా, ఎవరూ మీకు అప్పగించకపోయినా, ఎవరి కోరికైనా నచ్చితే అదనంగా ఒక కథ రాసి ఇవ్వొచ్చు. వెయ్యి పదాల కంటే చిన్నదైతే దానికీ వేరే చోటు పెట్టారు. రాయలేకపోతే ఎవరికీ తెలియదు, ఎవరూ ఎదురుచూడరు. రాస్తే డిసెంబర్ 25న అందరివాటితో పాటే విప్పుతారు, ఎవరు రాశారో జనవరి 1న తెలుస్తుంది. పేర్లు ఇవ్వడం ముగిశాక ఎవరెవరు ఏం కోరారో జాబితా అందరికీ కనిపిస్తుంది. అందులో మీ సీరియల్ ఎవరైనా అడిగారేమో చూడండి.